డాకింగ్ లైబ్రరీ కొంటున్నారా? డెమో చూసి డబ్బు కట్టేయకండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు రైసు మిల్లులకీ హోల్‌సేల్ షాపులకీ వెబ్ అప్లికేషన్లు రాసిచ్చేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. కాటా తూకం, గోడౌన్ స్టాకు, బిల్లు ఒకే తెర మీద ఉండాలి, ఏ కిటికీనైనా లాగి ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవాలి అని మిల్లువాళ్లు అడుగుతున్నారు కదా, దాన్నే డాకింగ్ అంటారు. దానికి ‘మా సొంత డాకింగ్ ఇంజిన్’ అని చెప్పి, డెవలపర్‌కి ఇంత అని ఏడాది చందా వసూలు చేస్తున్నారు ఒకరు. చేతికొచ్చేది మాత్రం పేరు మార్చిన గోల్డెన్‌లేఅవుట్ అనే ఉచిత లైబ్రరీ పాత ఒకటో వెర్షన్.

కనిపెట్టడం తేలికే. జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని తీసేస్తే అది లేవదు. ట్యాబ్ మీద రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ చేస్తే క్లాసు పేర్లన్నీ ‘ఎల్ఎమ్ అండర్‌స్కోర్’ (lm_)తో మొదలవుతాయి. అసలు లైబ్రరీ ఎమ్ఐటి లైసెన్సుది, ఉచితం. రెండో వెర్షన్‌లో జేక్వెరీ కూడా తీసేశారు. ఎమ్ఐటి సరుకుని అమ్ముకోవడం తప్పు కాదు, కాపీరైట్ నోటీసు చెరిపేయడమే తప్పు. సపోర్టుకి డబ్బిస్తున్నామనుకుంటే, ఏ లోపాన్ని ఎన్నిరోజుల్లో సరిచేస్తారో కాగితం మీద రాయించుకోండి.

డెమోలో మూడు రంగు డబ్బాలు అటూ ఇటూ కదులుతాయి. డబ్బాలు ఎవరివైనా కదులుతాయి! బిల్లు పేజీని ఐఫ్రేమ్‌లో (పేజీ లోపల ఇంకో పేజీని చూపే డబ్బా) పెట్టి, సగం నింపి, ఆ ట్యాబ్‌ని లాగి వేరే చోట పెట్టి చూడండి. డామ్‌లో, అంటే బ్రౌజర్ లోపలి పేజీ నిర్మాణంలో, చోటు మారగానే ఐఫ్రేమ్ మళ్లీ లోడవుతుంది, నింపినదంతా పోతుంది. గోల్డెన్‌లేఅవుట్ రెండో వెర్షన్‌లో వర్చువల్ కాంపోనెంట్లు వాడితే ఎలిమెంటు చోటు మారదు కాబట్టి ఈ గొడవ లేదు. డాక్‌వ్యూ అనే మరో డాకింగ్ లైబ్రరీలో అయితే రెండరర్‌ని ‘ఆల్వేస్’ అని పెట్టాలి.

అంతకంటే పెద్ద చిక్కు, ట్యాబ్‌ని విడి విండోగా బయటికి తీయడం. గోల్డెన్‌లేఅవుట్ ఆ విండోలో అదే పేజీని మొదటినుంచి తెరుస్తుంది. అంటే అప్లికేషన్ రెండోసారి నడుస్తుంది, మొదటి విండోలో మెమరీలో ఉన్న డేటా దీనికి తెలియదు. కాటాని బ్రౌజర్ సీరియల్ పోర్టుతో కలిపి ఉంటే మొదటి విండో దాన్ని పట్టుకునే ఉంటుంది, రెండోదానికి తూకం రాదు. పోర్టుని ఒక్క విండోకే వదిలి, అంకెల్ని బ్రాడ్‌కాస్ట్ ఛానెల్‌తో (విండోల మధ్య సందేశాలు పంపే బ్రౌజర్ సదుపాయం) మిగతావాటికి పంపాలి. పైగా సేవ్ అయిన విడి విండోల్ని పేజీ తెరవగానే తిరిగి లేపబోతే, క్లిక్ లేదు కాబట్టి పాపప్ బ్లాకర్ ఆపేస్తుంది.

మన వైపు ప్రత్యేకంగా చూడాల్సింది అక్షరాలు. గోల్డెన్‌లేఅవుట్‌లో ట్యాబ్ పట్టీ ఎత్తు ముందే 20 పిక్సెళ్లకి బిగించి ఉంటుంది. ఇంగ్లీషుకి సరిపోతుంది గానీ తెలుగు వత్తులూ ఒడియా కింది గుర్తులూ తెగిపోతాయి. సీఎస్ఎస్‌లో మారిస్తే చాలదు, లోపలి లెక్కంతా కాన్ఫిగ్‌లోని హెడర్‌హైట్ నుంచి జరుగుతుంది. అక్కడే 30 చేయండి.

దాగి ఉన్న ట్యాబ్‌లో గ్రాఫు సున్నా వెడల్పుతో గీసుకుంటుంది, దానికి సైజు మారగానే చెప్పే రిసైజ్ అబ్జర్వర్ పెట్టాలి.

లేఅవుట్‌ని పేజీ మూసేటప్పుడే సేవ్ చేసేలా ఇస్తే ఒప్పుకోకండి. కరెంటు పోతే ఆ మూసే ఈవెంటే రాదు. ప్రతి మార్పు తర్వాత అర సెకను ఆగి బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో రాయాలి, పక్కనే మీ వెర్షన్ నంబరు కూడా. తర్వాత మీరు ఒక ప్యానెల్ తీసేస్తే, పాత లేఅవుట్ ఆ పేరుని వెతికి దొరక్క ఎర్రర్ వేస్తుంది, వాడేవాళ్లకి తెల్ల తెర మిగులుతుంది. నంబరు కలవకపోతే మామూలు లేఅవుట్ ఎక్కించండి. రెండో వెర్షన్‌లో సేవ్ చేసినదాన్ని తిరిగి ఎక్కించే ముందు ‘ఫ్రమ్ రిజాల్వ్‌డ్’ ఫంక్షన్‌తో మార్చాలి, ఈ ఒక్క లైను మర్చిపోయి చాలామంది తల బద్దలు కొట్టుకుంటారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి డాక్‌వ్యూ ఉంది, ఎమ్ఐటిదే. ఇంకోటి కావాలంటే జూపిటర్‌ల్యాబ్ అనే కోడింగ్ సాధనం వాడే లూమినో ఉంది, బీఎస్‌డీ లైసెన్సు. చందా ఇప్పటికే కట్టేసినవాళ్లు ఇన్‌స్పెక్ట్ స్క్రీన్‌షాటూ, జీఎస్టీ బిల్లూ జతచేసి ఈమెయిల్‌లోనే వాపసు అడగండి. ఫోన్లో ఇచ్చిన మాటకి ఆధారం మిగలదు.