పానాల సెట్: ఇనుము మంచిదే, ఇంచులో ఎంఎమ్మో అడిగి కొనండి

5కి 3 స్టార్లు ఇస్తున్నాను. పానాల్లో తప్పేమీ లేదు, అమ్మిన తీరులో ఉంది, ఆ రెండు స్టార్లూ అందుకే కోసేశాను.

మాది ధర్మాబాద్ దగ్గర పల్లె, నాందేడ్ జిల్లా. బావి మీద 5 హెచ్‌పీ మోటారు ఉంది, చిన్నచిన్న రిపేర్లు నేనే చేసుకుంటా. పాత పానాలు అరిగిపోయాయని ఆన్‌లైన్‌లో 8 పానాల సెట్ తెప్పించా, 900 పడింది. బొమ్మ కింద "8 పీసులు, గట్టి స్టీలు" అని తప్ప కొలత గురించి ఒక్క ముక్క లేదు. డబ్బా విప్పితే 10-11, 12-13 అని ఉండాల్సిన చోట 3/8, 7/16, 1/2, 9/16 అని చెక్కి ఉంది. మొత్తం ఇంచుల సెట్.

సరే, దగ్గర దగ్గరగా ఏదో ఒకటి పట్టకపోతుందా అని బావి దగ్గరికి తీసుకెళ్లా. పంపు బోల్టులకు 13 నంబరు, అంటే 13 మిల్లీమీటర్ల పానా పడుతుంది. అర ఇంచు అంటే 12.7 మిల్లీమీటర్లు. తక్కువైంది 0.3, అంటే మూడు కాగితాల మందం, కానీ ఎంత నొక్కినా దిగలేదు. పక్కది 9/16, అది దాదాపు 14.3 ఉంటుంది, బోల్టు తల చుట్టూ లొడలొడలాడింది. మిరప చేనుకు రెండు రోజులుగా నీళ్లు లేవు, ఆ టెన్షన్‌లో ఒక్కసారి బలం పెట్టి తిప్పా. పానా జారి బోల్టు మూలలు అరిగి గుండ్రంగా తయారైంది, నా వేళ్ల మీద తోలు లేచింది. చివరికి మా వాడకట్టులో మెకానిక్ కాకా వచ్చి పైపు పానాతో పట్టి విప్పాడు. సెట్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది అమెరికా లెక్క బిడ్డా, మన బండ్లకు పడదు. ఇనుము మాత్రం పక్కా ఉంది, పారేయకు" అన్నాడు.

ఆ పూట నాకు అమెరికా మీదే కోపం వచ్చింది. లోకమంతా మిల్లీమీటర్లలోకి వస్తే వీళ్లకేం రోగం అని. తర్వాత చదివితే తెలిసింది, వాళ్లకు మీటరు కొత్తేమీ కాదు. 1866లోనే మెట్రిక్ కొలతలు చెల్లుతాయని చట్టం చేశారు, 1875లో పారిస్‌లో మీటరు ఒప్పందం మీద సంతకం పెట్టిన 17 దేశాల్లో వాళ్లూ ఉన్నారు. 1959 నుంచి ఇంచు అంటే కచ్చితంగా 25.4 మిల్లీమీటర్లు, అంటే ఇంచు కూడా మీటరు మీదే నిలబడి ఉంది. 1975లో మారదామని ఇంకో చట్టం తెచ్చారు, కానీ ఇష్టమైతే మారండి అన్నారు, గడువు పెట్టలేదు, ఆ పని చూసే బోర్డును 1982లో ఎత్తేశారు. ఇష్టమైతే అంటే ఎవరు మారతారు? ఫ్యాక్టరీలో మిషన్లు, గోడల్లో పైపులు, ప్రతి మెకానిక్ డబ్బాలో పానాలు అన్నీ ఇంచుల్లోనే ఉన్నప్పుడు ముందు మారినవాడి జేబుకే చిల్లు, ఆగినవాడికి నష్టమేమీ లేదు. బ్రిటన్‌లో అయితే చక్కెర కిలోల్లో అమ్ముతారు, రోడ్డు మీద బోర్డు మాత్రం మైళ్లలో ఉంటుంది.

మన దగ్గర తేదీ పెట్టి మార్చారు. 1956లో చట్టం, 1957 ఏప్రిల్‌లో 16 అణాల రూపాయి 100 నయా పైసలైంది, 1958 అక్టోబరు నుంచి కిలోలు దిగాయి. మా ఇంట్లో తాత నాటి శేరు రాయి ఒకటి ఇంకా ఉంది, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాం.

భూమి దగ్గరికొస్తే మాత్రం మేమూ మారలేదు. మా సాత్‌బారాలో, అంటే మహారాష్ట్ర భూమి కాగితంలో, లెక్క హెక్టార్లు, ఆర్లలో (హెక్టారులో నూరో వంతు) ఉంటుంది, రెండెకరాల చేను కాగితం మీద 0.81 హెక్టార్లు. మా అక్కను ఇచ్చింది సరిహద్దు అవతల తెలంగాణలో బాసర వైపు, వాళ్ల పాస్‌బుక్కులో ఎకరాలు, గుంటలు. ఇక్కడ కాగితం ఏం చెప్పినా చేను కొనేవాడు హెక్టారు ధర అడగ్గా నేను వినలేదు. ఎకరం అంటే ఎంత విత్తనం పడుతుందో, ఎన్ని కూలీలు కావాలో వెంటనే మనసులో లెక్క తేలుతుంది, 0.81 అంటే ఏమీ తేలదు. ఇల్లు కట్టేటప్పుడు తెచ్చింది 12 ఎంఎం సలాక, మేస్త్రీ అడిగింది నాలుగు సూతుల సలాక (సూతు అంటే ఇంచులో ఎనిమిదో వంతు). నా బండి వెనక టైరు మీద 100/90-17 అని ఉంటుంది, అందులో 100 మిల్లీమీటర్లు, 17 ఇంచులు! అందుకే పాత కొలత వదలని వాళ్లను ఇప్పుడు నేను తప్పు పట్టను.

తప్పు పట్టేది కొలత పేరు చెప్పకుండా అంకె ఇచ్చేవాళ్లను. అమెరికా మార్స్ దగ్గరికి పంపిన నౌక 1999లో అలాగే పోయింది, ఒక జట్టు పౌండ్లలో లెక్క ఇస్తే ఇంకో జట్టు దాన్ని మెట్రిక్ అనుకుంది. అంత చదువుకున్నవాళ్లకే అలా అయితే రైతుకు ఎలా తెలుస్తుంది? "ఇంచు సైజు" అని డబ్బా మీద రెండు మాటలు రాస్తే సరిపోయేది. వాపసు అడిగితే వాడినవి తీసుకోం అన్నారు.

ఇనుము విషయంలో కాకా మాట నిజం. అంత బలం పెట్టినా పానా నోరు విచ్చుకోలేదు, పట్టు బాగుంది, తుప్పు లేదు. మీ పాత మిషన్ల బోల్టు తలలు ఈ ఇంచు కొలతల్లోనే ఉంటే ధైర్యంగా కొనండి. బైకు, కొత్త మోటారు కోసమైతే వద్దు. నేను తర్వాత ధర్మాబాద్‌లో మామూలు హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్తే సేటు ధర చెప్పకముందే "ఎంఎమ్మా, ఇంచా?" అని అడిగాడు, 6-7 నుంచి 20-22 దాకా సెట్ ఇచ్చాడు.

ఇంచు పానాలకు ఎర్ర రంగు పూసి వేరే మేకుకు తగిలించా. 3/4 ఒక్కటి మాత్రం 19.05 మిల్లీమీటర్లు, 19 నంబరు బోల్టుకు చక్కగా పడుతుంది, దాన్ని ఎంఎం పానాలతోనే ఉంచా.