ఇంటి చెట్లకు కొత్త చైన్ సా: ఏది కొనాలి?

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి తోటలను ఎలా పడగొట్టిందో చూసినవాళ్లకు ఇంట్లో మంచి రంపం ఎందుకుండాలో చెప్పక్కర్లేదు. పాతది మార్చి కొత్తది కొందామనుకునేవాళ్ల ముందు ఇప్పుడు ముఖ్యంగా మూడు దారులున్నాయి: ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే 58 సీసీ మిషన్, స్టిల్ కంపెనీ ఎంఎస్ 180 లాంటి పేరున్న బ్రాండు చిన్న రంపం, బ్యాటరీ రంపం.

మనవాళ్లు ముందు సీసీ చూస్తారు. చూడాల్సింది ఇంజిన్ ఇచ్చే పవర్. స్టిల్‌లోనే ఎంఎస్ 250 ఇంజిన్ 45 సీసీయే, అయినా 2.3 కిలోవాట్లు ఇస్తుంది. చాలా 58 సీసీ మిషన్ల డబ్బా మీద రాసేదీ దాదాపు అంతే. పైగా వాటికి వచ్చే 22 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ఇంటి పనికి మరీ పొడుగు. కొస ఎక్కడ తగులుతోందో కనపడదు. కొస పైభాగం కొమ్మకు తగిలిందంటే రంపం ఒక్కసారిగా ముఖం మీదికి ఎగురుతుంది. అందుకే ఏ మిషన్ కొన్నా, అలా ఎగిరినప్పుడు చైన్‌ను ఆపే చైన్ బ్రేక్ పనిచేస్తోందో లేదో షాపులోనే చూపించమనండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

ఎంఎస్ 180 ఇంజిన్ దాదాపు 32 సీసీ. బార్, చైన్ కాకుండా బరువు నాలుగు కిలోల చుట్టూ ఉంటుంది. 14 లేదా 16 అంగుళాల బార్‌తో కొబ్బరి మానుకు, సర్కారు తుమ్మకు, వేప కొమ్మలకు సరిపోతుంది. పెట్రోలులో కలిపే ఇంజిన్ ఆయిల్ కంపెనీదే వాడితే లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలు. చౌక మిషన్లకు చాలావాటికి 40 కలపమంటారు. ధర ఎక్కువే, కాదనను. కానీ స్టార్టర్ తాడు తెగినా, కార్బురేటర్ మొరాయించినా పార్టు దొరకడమే అసలు విషయం. డీలరు మీకు దగ్గర్లో లేకపోతే ఈ లాభం సగం పోయినట్టే.

బ్యాటరీ రంపానికి చప్పుడు తక్కువ, పొగ ఉండదు, మీట నొక్కగానే తిరుగుతుంది. మట్టలు, జామ, నిమ్మ కొమ్మలు కొట్టడానికి నాకు ఇదే ఇష్టం. అయితే తుఫాను వెళ్లాక రోజుల తరబడి కరెంటు రాని ఊళ్లలో దీన్ని చార్జింగ్ ఎక్కడ పెడతారు? సరిగ్గా అవసరమైన రోజునే ఇది మూలన పడుతుంది.

నన్నడిగితే, ఇంటి చుట్టూ పది ఇరవై చెట్లున్నవాళ్లకు ఎంఎస్ 180 లాంటి చిన్న రంపమే మేలు. ఏటా లావు మొద్దులు కోసేవాళ్లు మాత్రం ఎంఎస్ 250 స్థాయికి వెళ్లాలి. ఊరికే కొమ్మలు కత్తిరించుకునే పట్నం ఇంటికి బ్యాటరీది చాలు. 58 సీసీది ఊళ్లోనే దాన్ని విప్పి బిగించే మెకానిక్ ఉన్నవాళ్లకు మాత్రమే.

ఇంకో మాట. ఉన్న రంపం కోయడం లేదని కొత్తది కొనబోతుంటే, ముందు పళ్లకు ఆకురాయి పట్టించి చూడండి. కొబ్బరి పీచు, మట్టి అంటిన మొదళ్లు చైన్ పదునును ఇట్టే తినేస్తాయి. చెక్క తునకల బదులు సన్నటి పిండి రాలుతోందంటే తప్పు ఇంజిన్‌ది కాదు. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది తేమ పీల్చుకుంటుంది. నెలల తరబడి పక్కన పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ ఆగేదాకా నడపండి.