జీపీఎక్స్ ఫైలును ఫిట్‌నెస్ యాప్‌లోకి ఎక్కించడం: నాలుగేళ్ల వాడకం తర్వాత

బ్రెవేకి (నిర్ణీత సమయంలో పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) రెండు రోజుల ముందు నిర్వాహకుల నుంచి దారి ఉన్న ఒక జీపీఎక్స్ ఫైలు వస్తుంది. దాన్ని ముందు ఫోన్‌లోకి, అక్కడి నుంచి వాచీలోకో సైకిల్ కంప్యూటర్‌లోకో ఎక్కించుకోవాలి. స్ట్రావా, కొమూట్, గార్మిన్ కనెక్ట్ మూడింటిలోనూ నాలుగేళ్లుగా ఇదే పని చేస్తూ వచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఇబ్బంది పది సార్లలో ఎనిమిది సార్లు ఫైల్లోనే ఉంటుంది, యాప్‌లో కాదు. అందుకే ఈ సమీక్షలో బటన్ల కంటే ఫైలు గురించే ఎక్కువ.

జీపీఎక్స్ అంటే ఎక్స్‌ఎంఎల్‌లో రాసిన మామూలు టెక్స్ట్. ఇప్పుడు వాడుకలో ఉన్న 1.1 రూపం 2004లో వచ్చింది. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. లోపల మూడు రకాల సరుకు ఉంటుంది. వేపాయింట్ అంటే విడి చుక్క: కంట్రోల్ పాయింటో (బ్రెవేలో హాజరు వేయించుకునే చోటు), నీళ్లు దొరికే చోటో. రూట్ అంటే దూరదూరంగా పెట్టిన కొన్ని చుక్కలు, వాటి మధ్య దారిని యాపే వేసుకోవాలి. ట్రాక్ అంటే కొద్ది మీటర్లకో చుక్క చొప్పున దగ్గరదగ్గరగా పేర్చిన గీత. రూట్ రకం ఫైలును రెండు యాప్‌లలో తెరిస్తే రెండు వేర్వేరు దారులు రావచ్చు, ట్రాక్ అయితే గీత గీతలాగే ఉంటుంది. దారులు గీసుకునే రైడ్ విత్ జీపీఎస్ సైట్ నుంచి దింపుకునేటప్పుడు జీపీఎక్స్ ట్రాక్, జీపీఎక్స్ రూట్, టీసీఎక్స్ కోర్స్ అని విడివిడిగా కనిపిస్తాయి. కళ్లు మూసుకుని ట్రాక్ తీసుకోండి. "ముందు ఎడమకు తిరగండి" లాంటి సూచనలు కూడా రావాలంటే టీసీఎక్స్ కోర్స్, అది మరో రకం ఫైలు.

తర్వాతి ప్రశ్న, ఎక్కువమంది పొరబడేది: ఈ ఫైలు మీరు తొక్కేసిన రైడా, తొక్కబోయే దారా? యాప్‌లలో ఈ రెండింటికీ వేర్వేరు తలుపులు. స్ట్రావా వెబ్‌సైట్‌లో ప్లస్ గుర్తు కింద ఉండే అప్‌లోడ్ యాక్టివిటీ తొక్కేసిన రైడ్ కోసం. ఒక్కో ఫైలు 25 ఎంబీ లోపు ఉండాలి, ఒకేసారి 25 ఫైళ్ల దాకా ఇవ్వొచ్చు. తొక్కబోయే దారిని అక్కడ వేస్తే సమయం వివరాలు లేవంటూ తిప్పి పంపుతుంది. అది ఫైలు పాడైందని కాదు. గీసిన దారిలో ప్రతి చుక్కకూ టైమ్ ఉండదు, టైమ్ లేనిది యాక్టివిటీ కాదు. దారిని దారిగా ఎక్కించాలంటే రూట్ బిల్డర్‌లోకి వెళ్లాలి, దానికి చందా కావాలి. గార్మిన్ కనెక్ట్ వెబ్‌లో అయితే ట్రైనింగ్ అండ్ ప్లానింగ్, కోర్సెస్, ఇంపోర్ట్ (తొక్కబోయే దారిని గార్మిన్ కోర్సు అంటుంది). ఫోన్‌లో అయితే ఫైలు మీద నొక్కి షేర్‌లో కనెక్ట్ ఎంచుకుంటే నేరుగా కోర్సుగా తెరుచుకుంటుంది. కోర్సు సేవ్ చేయడంతో పని అయిపోదు, సెండ్ టు డివైస్ నొక్కి సింక్ అయ్యేదాకా ఆగాలి. కొమూట్ మాత్రం ఎక్కించగానే ఇది ముగిసిన టూరా, వేసుకున్న ప్లానా అని అడుగుతుంది. మూడింటిలో నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే, కొత్తవాళ్లు తడబడరు.

కొమూట్ ఆ వెంటనే ఇంకో మాట అడుగుతుంది: గీతను ఉన్నదున్నట్టు ఉంచాలా, మ్యాప్‌లోని రోడ్లకు సర్దాలా? కొండదారులకూ పల్లె రోడ్లకూ సర్దడం మేలు, మలుపుల సూచనలు వస్తాయి. విజయవాడ హైవే లాంటి డివైడర్ రోడ్డు మీద మాత్రం సర్దిన తర్వాత తప్పకుండా పెద్దదిగా చేసి చూడండి. అసలు గీతలో పది మీటర్ల తేడా ఉన్నా ఒక్కోసారి చుక్క అవతలి వైపు రోడ్డు మీద పడుతుంది. యాప్ అప్పుడు నమ్మకంగా ముందుకు పోయి, యూటర్న్ తీసుకుని, వెనక్కి వచ్చి, మళ్లీ యూటర్న్ తీసుకునేలా దారి వేస్తుంది. 200 కిలోమీటర్ల రూట్ 209 అయిందంటే కారణం చాలాసార్లు ఇదే. ఎక్కించాక మొదట చూడాల్సింది మొత్తం దూరం. నిర్వాహకులు చెప్పినదానికీ దీనికీ ఒక శాతం మించి తేడా ఉంటే ఆ ఫైలుతో బయలుదేరకండి.

దారి అసలు మ్యాప్‌లోనే కనిపించకపోతే ఫైలును టెక్స్ట్‌గా తెరవండి. హైదరాబాద్ దగ్గర ఒక ట్రాక్ పాయింట్ ఇలా ఉండాలి: లాట్ (అక్షాంశం) 17.42, లాన్ (రేఖాంశం) 78.47. ఆ రెండు అంకెలూ తారుమారైతే లాట్ 78, లాన్ 17 అవుతుంది, గీత పోయి ఉత్తర ధ్రువం వైపు స్వాల్‌బార్డ్ దీవుల మీద పడుతుంది. గూగుల్ ఎర్త్ వాడే కేఎంఎల్ ఫైళ్లను చేత్తోనో చిన్న స్క్రిప్ట్‌తోనో జీపీఎక్స్‌గా మార్చినప్పుడు ఇది జరుగుతుంది, ఎందుకంటే కేఎంఎల్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. దశాంశాల సంఖ్య కూడా చూడండి. ఐదు స్థానాలుంటే ఖచ్చితత్వం ఒక మీటరు దగ్గర. మూడే ఉంటే ఒక్కో మెట్టు నూరు మీటర్లకు పైనే, గీత రంపపు పళ్లలా కనిపిస్తుంది. అలాంటి ఫైలుకు మరమ్మతు లేదు, మూలం మళ్లీ అడగాల్సిందే.

ఫైలు చెల్లదు అని వస్తే ముందుగా వేపాయింట్ల పేర్లు వెతకండి. టిఫిన్ సెంటర్ పేరులో అండ్ గుర్తును (&) అలాగే వదిలేస్తే ఎక్స్‌ఎంఎల్ విరిగిపోతుంది, ఆ ఒక్క గుర్తుకు మొత్తం ఫైలు తిరస్కారం. గుర్తు తీసేసి "అండ్" అని అక్షరాల్లో రాస్తే సరిపోతుంది. పేర్లు తెలుగులో పెడితే ఫైలుకు ఇబ్బంది లేదు, ఫోన్‌లో చక్కగా కనిపిస్తాయి. కానీ కొన్ని సైకిల్ కంప్యూటర్లలో తెలుగు ఫాంట్ ఉండదు, ఖాళీ డబ్బాలు వస్తాయి. అది తప్పకుండా సరిచేయాల్సిన లోటని నా గట్టి అభిప్రాయం. అప్పటిదాకా కంట్రోల్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోక తప్పదు. సరిచేసిన ఫైలును నోట్‌ప్యాడ్ నుంచి సేవ్ చేసేటప్పుడు చివర టీఎక్స్‌టీ తగులుకోకుండా చూసుకోండి.

వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నొక్కితే యాప్ జాబితాలో కనిపించకపోవడం ఆండ్రాయిడ్‌లో మామూలే. ఫోన్ ఆ ఫైలు రకాన్ని గుర్తుపట్టకపోవడం వల్ల అలా జరుగుతుంది. ఫైల్స్ యాప్‌లోకి సేవ్ చేసి, పేరు చివర జీపీఎక్స్ ఉందో లేదో చూసి, అక్కడి నుంచి షేర్ చేయండి. అదీ కుదరకపోతే గార్మిన్ పరికరానికి కేబుల్ ఉత్తమం: గార్మిన్ ఫోల్డర్‌లో న్యూఫైల్స్ అనే ఫోల్డర్‌లో జీపీఎక్స్ పడేసి పరికరాన్ని తీసేస్తే, మళ్లీ ఆన్ చేసినప్పుడు దాన్ని అదే కోర్సుగా మార్చుకుంటుంది. తర్వాత న్యూఫైల్స్‌లో ఫైలు కనిపించకపోతే కంగారు పడొద్దు, మార్చుకుంది కాబట్టే తీసేసింది.

పోయిన దారినే తిరిగి వచ్చే బ్రెవేలకు నా సలహా ఒక్కటే, ఫైలును మలుపు దగ్గర రెండుగా కోయండి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి ఉంటే పరికరం మీరు వెళ్తున్నారో వస్తున్నారో తేల్చుకోలేక, మధ్యలో మిగిలిన దూరాన్ని ఒక్కసారిగా వంద కిలోమీటర్లు తగ్గించేస్తుంది. జీపీఎక్స్ స్టూడియోలో కోయడం రెండు నిమిషాల పని, బ్రౌజర్‌లోనే అవుతుంది, ఉచితం. చుక్కలు మరీ ఎక్కువై పాత పరికరం నత్తనడక నడుస్తుంటే అక్కడే తగ్గించుకోవచ్చు కూడా.

రికార్డు చేసిన రైడ్‌ను ఎక్కించేటప్పుడు రెండు విషయాలు. జీపీఎక్స్‌లో సమయం ఎప్పుడూ యూటీసీలో ఉండాలి, అంటే మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో. ఉదయం 5:30కి మొదలైన రైడ్ ఫైల్లో 00:00 అని ఉండడం సరైనదే. ఫైలును మార్చే ఏదైనా సాఫ్ట్‌వేర్ మన సమయాన్నే యూటీసీగా రాసేస్తే యాప్‌లో రైడ్ 11 గంటలకు మొదలైనట్టు వస్తుంది. రెండోది ఎత్తు. జీపీఎస్ ముందుగా లెక్కించేది గణితపు దీర్ఘగోళం (భూమికి లెక్కలతో వేసుకున్న నున్నటి ఆకారం) నుంచి ఎత్తు, సముద్రమట్టం నుంచి కాదు. శ్రీలంకకు దక్షిణాన సముద్రమట్టం ఆ లెక్క కంటే సుమారు 106 మీటర్లు కిందికి ఉంటుంది, ఆ పల్లం ప్రభావం మన ప్రాంతం దాకా వస్తుంది. దిద్దుబాటు లేని ఫైల్లో విశాఖ బీచ్ రోడ్డు మైనస్‌లో కనిపించేది అందుకే. ఇలాంటి చోట యాప్‌లోని ఎత్తు సవరణ వాడుకోండి.

మీ రైడ్ ఫైలును గుంపులో పంపేముందు ఒకటి గుర్తుంచుకోండి. యాప్‌లో ఇంటి చుట్టూ దాచిన ప్రాంతం, మీరే దింపుకున్న అసలు ఫైల్లో దాగదు. ఇంటి గేటు దగ్గరి మొదటి చుక్క, ప్రతి సెకనుకూ సమయం, ఒక్కోసారి గుండె వేగం కూడా అందులోనే ఉంటాయి. మొదటి, చివరి 500 మీటర్లు కోసేసి, సమయాలు తీసేసి పంపండి.

ఫైల్లో ఉండేది గీత మాత్రమే, దాని కింద మ్యాప్ ఉండదు. నల్లమలలో మన్ననూరు దాటాక శ్రీశైలం దారిలో సిగ్నల్ పోయిన చోట జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది, కానీ తెల్లటి తెర మీద గీత ఒక్కటే మిగులుతుంది. ఆ ప్రాంతపు ఆఫ్‌లైన్ మ్యాప్ ఇంట్లో వైఫై మీదే దింపుకుని, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రూట్ తెరిచి, పెద్దది చేసి ఊళ్ల పేర్లు కనిపిస్తున్నాయో లేదో చూసుకున్నాకే సైకిల్ బయటికి తీయండి.