చెడిన పరికరాన్ని పసిగట్టడం నేర్పిన సిమ్యులేటర్: ఐ.ఆర్. చెక్‌కు ఇంట్లో చేసిన సాధన

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐ.ఆర్.) చెక్‌కు, అంటే బయట ఏమీ కనబడనప్పుడు పరికరాలను చూసే విమానం నడిపేందుకు పైలట్ ఇచ్చే పరీక్షకు, సిద్ధం కావడానికి రాయగడలోని మా ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపే ఎక్స్-ప్లేన్ సిమ్యులేటర్‌ను చాలాకాలం వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను. దృశ్యాల అందం గురించి, ఏ కంప్యూటర్ కావాలన్న దాని గురించి చెప్పేవారు ఎందరో ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోను. నన్ను కట్టిపడేసినది అందులోని ఫెయిల్యూర్స్ మెనూ ఒక్కటే. ఏ పరికరం ఏ సమయానికి, ఏ ఎత్తులో చెడాలో ముందే పెట్టుకోవచ్చు, లేదా సగటు వ్యవధి మాత్రం ఇచ్చి, ఎప్పుడు చెడుతుందో మనకే తెలియకుండా వదిలేయవచ్చు. ప్యానెల్ మీద అప్పుడు జరిగేదంతా నిజమైన విమానంలో జరిగినట్లే ఉంటుంది.

ఒక సాయంత్రం జయపురం నుంచి విశాఖపట్నానికి, తూర్పు కనుమల మీదుగా, పూర్తిగా మేఘంలో, సిమ్యులేటర్‌లోనే సెస్నా 172 అనే చిన్న విమానం నడుపుతున్నాను. గుండ్రటి డయళ్లున్న ప్యానెల్ అది. మెనూలో ఏదో మార్చి, స్క్రీన్ మీద వాక్యూమ్ గేజి (కొన్ని పరికరాలను నడిపే పంపు పనితీరు చూపేది), దాని హెచ్చరిక దీపం కనబడకుండా కాగితం ముక్కలు అంటించి, మా చెల్లెలు వెనక కుర్చీలో కూర్చుంది. కొంతసేపటికి కుడి రెక్క వాలుతున్నట్లు యాటిట్యూడ్ ఇండికేటర్ (విమానం ఎటు వాలిందో చూపే డయల్) చూపసాగింది. విమానం ముక్కు ఏ దిక్కుకు ఉందో చూపే హెడింగ్ ఇండికేటర్ కూడా కుడి మలుపే చూపుతూ మెల్లగా జరిగింది. రెండూ ఒకే మాట చెబుతుంటే యోకును (విమానం స్టీరింగును) ఎడమకు తిప్పమని చెయ్యి తొందరపెడుతుంది. అయితే మలుపును చూపే టర్న్ కోఆర్డినేటర్‌లోని చిన్న విమానం బొమ్మ రెక్కలు సమంగానే ఉన్నాయి, దిక్సూచి కదలలేదు, ఎత్తు తగ్గలేదు. "అన్నయ్యా, ఇంకా తెలియలేదా?" అని వెనక నుంచి చెల్లెలు అడిగేసరికి నేను ఆ రెండు డయళ్లను వదిలి మిగిలిన వాటితో నడుపుతున్నాను.

ఆ సాయంత్రం నాకు స్పష్టమైనది ఏమిటంటే, ఎన్ని పరికరాలు ఒకే మాట చెబుతున్నాయన్నది ముఖ్యం కాదు, అవి దేనితో నడుస్తున్నాయన్నది ముఖ్యం. ఈ ప్యానెల్‌లో యాటిట్యూడ్, హెడింగ్ ఇండికేటర్లు రెండూ వాక్యూమ్ పంపుతో తిరిగే గైరోలే (వేగంగా తిరిగే చక్రాలతో పనిచేసేవే) కాబట్టి, ఒకే బోరుకు బిగించిన రెండు కుళాయిల్లాగా రెండూ కలిసే చెడతాయి. టర్న్ కోఆర్డినేటర్ కరెంటుతో నడుస్తుంది, ఎత్తు, వేగం చూపేవి బయటి గాలి పీడనంతో పనిచేస్తాయి, దిక్సూచికి ఏదీ అక్కరలేదు. ఇదంతా పుస్తకంలో చదివి అప్పజెప్పినదే. కానీ పంపు ఆగిన తరువాత కూడా గైరో వెంటనే ఆగదని, వేగం తగ్గేకొద్దీ మెల్లగా ఒరుగుతూ, నమ్మదగినట్లే కనబడుతుందని కళ్లతో చూస్తే గాని మనసుకు పట్టదు.

ఇది చిన్న విమానాలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి బయలుదేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ 747 'ఎంపరర్ అశోక' కొద్ది నిమిషాల్లోనే అరేబియా సముద్రంలో కూలి, అందులోని 213 మందీ మరణించారు. కెప్టెన్ ముందున్న యాటిట్యూడ్ పరికరం చెడడం, మిగిలిన పరికరాలతో దాన్ని సరిపోల్చకపోవడం ఆ ప్రమాదానికి దారితీశాయని దర్యాప్తులో తేలింది. దాని గురించి చదివినప్పటి నుంచి ఈ సాధనను నేను పరీక్ష కోసం మాత్రమే చేయడం లేదు.

చెక్ రోజున ఎగ్జామినర్ ఆ రెండు డయళ్లనూ మూసివేసి, అప్రోచ్ (రన్‌వే వైపు దిగడం) పూర్తి చేయమన్నారు. ఏవి చెడాయో చెప్పి మూసినందువల్ల ఇంట్లోకన్నా అది తేలికగా తోచింది. స్టాండర్డ్ రేటులో, అంటే మలుపుకు నిర్ణయించిన వేగంలో, సెకనుకు 3 డిగ్రీల చొప్పున, 30 డిగ్రీల మలుపుకు 10 సెకన్లు లెక్కపెట్టుకుంటూ తిప్పడం అప్పటికే చేతికి అలవాటైపోయింది.

అయితే నిజమైన విమానంలో జరిగినట్లే ఉంటుందని పైన అన్నది కంటికి కనబడేంత వరకే. విమానం చాలా మెల్లగా ఒక పక్కకు వాలితే లోపలి చెవి దాన్ని పసిగట్టదు. సరిచేయగానే ఎదురు పక్కకు ఒరిగిపోతున్నట్లు ఒళ్లంతా చెబుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకుంటూ డయళ్లను నమ్మడం కదలని కుర్చీ నేర్పలేదు. బయటి దృశ్యం కనబడనీయని హుడ్ పెట్టుకుని శిక్షకుడి పక్కన ఎగిరినప్పుడే అది నాకు పట్టుబడింది. పైగా ఇంటి సిమ్యులేటర్ మీద గడిపిన గంటలు, పైలట్ ఎగిరిన గంటలు రాసే లాగ్‌బుక్‌కు ఎక్కవు.

మా ఊళ్లో ఫ్లయింగ్ స్కూలు లేదు. శిక్షణకు ఊరు దాటి వెళ్లాలి, అక్కడ గాలిలో గడిపే ప్రతి గంటకూ పెద్ద మొత్తం చెల్లించాలి. నా చెక్ కూడా పాత డయళ్ల విమానం మీదే జరిగింది. నాలాంటి పరిస్థితిలో ఉన్నవారికి, మెనూలో మార్పులు చేసి పెట్టే మనిషి ఇంట్లో మరొకరు ఉంటే, దీన్ని గట్టిగానే సిఫారసు చేస్తాను. డయళ్లకు బదులు తెరలుండే గ్లాస్ కాక్‌పిట్ విమానంలో చెక్ ఇచ్చేవారికి పరికరాలు చెడే తీరు వేరు, అక్కడ తెర మీద ఎర్రటి గుర్తు పడుతుంది. వారు కేవలం ఈ ఒక్క సౌకర్యం కోసం దీన్ని కొనవలసిన అవసరం లేదు.