సిప్రి సైనిక వ్యయ డేటాబేస్: చమురు దేశాల లెక్క అర్థం కావాలంటే వాడాల్సిందే

జగిత్యాలలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తాను. చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. చమురు ధర పడితే అక్కడ పనులు ఆగుతాయని వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మరి ఆయుధాల ఖర్చు కూడా ఆగుతుందా? దీనికి జవాబు చూపించడానికి నేను వాడేది స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి నడిపే, దేశాల సైనిక ఖర్చుల డేటాబేస్. పూర్తిగా ఉచితం. ఒకే ఎక్సెల్ ఫైల్, కొన్ని దేశాలకు 1949 నుంచీ లెక్కలున్నాయి. ఏటా ఏప్రిల్‌ ప్రాంతంలో కొత్త ఏడాది చేరుస్తారు.

సౌదీ వరుస చూడండి. 2014 జూన్‌లో బ్యారెల్ 110 డాలర్లు దాటి ఉంది, 2016 జనవరికి 30 కిందికి జారింది. అయినా సౌదీ సైనిక వ్యయం 2015లో పెరిగింది. 2016లో మాత్రం పావు వంతుకు పైగా తగ్గింది, అదీ యెమెన్‌లో యుద్ధం నడుస్తుండగానే! అంగోలా, వెనిజులాలకు ఆ ఏడాది గడువు కూడా దొరకలేదు. 2016 ఏప్రిల్‌లో సిప్రి ఇచ్చిన లెక్క ప్రకారం 2015లోనే అంగోలా ఖర్చు 42 శాతం, వెనిజులాది 64 శాతం పడిపోయాయి. సౌదీ దగ్గర విదేశీ నిల్వలు దండిగా ఉన్నాయి, వీళ్ల దగ్గర లేవు. ఈ తేడా పిల్లలకు ఒక్క గ్రాఫ్‌తో అర్థమైపోతుంది.

కొత్తగా వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. జీడీపీలో శాతం చూపించే షీట్‌తో మొదలుపెట్టకండి. చమురు ధర పడితే ఆ దేశాల జీడీపీ కూడా కుంగుతుంది కాబట్టి, ఖర్చు పెంచకపోయినా శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. స్థిర ధరల డాలర్ల షీట్, అంటే ధరల పెరుగుదల ప్రభావం తీసేసి లెక్కించినది, తీసుకోండి. చమురు ధరలు ఈ డేటాబేస్‌లో ఉండవు. ప్రపంచ బ్యాంకు నెలవారీ ధరల ఫైల్ కూడా ఉచితమే, దాన్ని పక్కన పెట్టుకోవాలి. ఫోన్‌లో మాత్రం ఈ షీట్లు చూడటం నరకం.

నీలం రంగు అంకెలు సిప్రి అంచనాలు, ఎరుపువి బాగా అనుమానం ఉన్నవి. తెలిసిందేదో, ఊహించిందేదో ఇలా విడదీసి చూపడం నాకు చాలా నచ్చింది. యూఏఈ వరుస 2014 తర్వాత ఖాళీ. మా పిల్లలు మొదట వెతికేది ఆ దేశాన్నే కాబట్టి నాకిది పెద్ద లోటే. కానీ ఆ ప్రభుత్వం లెక్కలు బయటపెట్టనప్పుడు ఏదో ఒక అంకె వేసేయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు, అందుకే మిగతా వరుసలనూ నమ్మి క్లాసులో చూపిస్తున్నాను.