కంప్రెషన్ గ్లవ్స్ నాలుగు నెలలు వాడాక: వేళ్ళకి సరే, నీరసానికి మాత్రం కాదు

కీళ్ళ వాపు ఉన్నవాళ్ళ చేతుల్ని బిగుతుగా పట్టి ఉంచే ఈ కంప్రెషన్ గ్లవ్స్ (ఆర్థరైటిస్ గ్లవ్స్ అని కూడా అంటారు) కొనాలా వద్దా అని చూస్తున్న వాళ్ళకి ముందే చెప్పేస్తా, ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నా. ఆ మూడూ పొద్దున పూట నా వేళ్ళు కాస్త మాట విన్నందుకు. కోసేసిన రెండూ డబ్బా మీద రాసిన ఒక్క ముక్కకి. "నొప్పి, వాపు, అలసట తగ్గుతాయి" అని రాశారు, నొప్పి విషయం కొంతవరకు నిజమే, వాపు ఏదో కొద్దిగా, అలసట మాత్రం అస్సలు లేదు, నేను ఈ రివ్యూ రాయడానికి కూర్చుంది కూడా ఆ మూడో మాట గురించే.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి ఏడేళ్ళు. వయసు మీద పడి మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పి కాదిది, మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి కీలు లోపలి పొర మీద పడుతుంది, ఆ పొర వాచి వేడెక్కి బిగుసుకుపోతుంది, అదీ రెండు చేతులకీ ఒకేసారి. నాకైతే మణికట్లు, పిడికిలి కణుపులు, వేళ్ళ మధ్య కణుపులు. వారానికోసారి ఈ జబ్బుని అదుపులో పెట్టే మెథోట్రెక్సేట్ అనే మందు, దానికి తోడు ఫోలిక్ యాసిడ్, ఇంకో మాత్ర ఉన్నాయి, రక్త పరీక్షలు ఏడాదిగా బాగానే వస్తున్నాయి. అంటే కాగితం మీద నా జబ్బు కంట్రోల్లో ఉంది. ఒంట్లో మాత్రం పొద్దున లేచేసరికి వేళ్ళు కర్రల్లా ఉంటాయి, సాయంత్రానికి ఓపిక చుక్క కూడా మిగలదు.

ఇక వస్తువు సంగతి. నైలాన్, సాగే దారం కలిపి నేసిన గుడ్డ, వేళ్ళ కొసలు బయటికి ఉండే రకం తీసుకున్నా, ఫోన్ వాడాలి, బొత్తాలు పెట్టుకోవాలి కాబట్టి అదే నయం. లోపల కుట్లు ఉన్న గ్లవ్స్ జోలికి మాత్రం వెళ్ళకండి, వాచిన కణుపు మీద కుట్టు పడితే రాత్రంతా గుచ్చుతూనే ఉంటుంది, నేను మొదట కొన్నది అలాంటిదే, రెండు రాత్రులు చూసి వెనక్కి పంపేశా. ఇప్పుడున్న జతకి కుట్లు బయటి వైపు ఉన్నాయి. సైజు కోసం పిడికిలి కణుపుల చుట్టూ టేపుతో కొలవమన్నారు, ఆ కొలత వాపు లేని రోజు తీసుకుంటే వాపు ఉన్న రోజు చెయ్యి పట్టదు, ఈ సంగతి సైజు చార్టులో ఎక్కడా లేదు. సాయంత్రం పూట, చేతులు కాస్త బరువుగా ఉన్నప్పుడు కొలుచుకోండి. ఉతికితే రంగు పోలేదు, మూడో నెలకి మణికట్టు దగ్గర పట్టు సడలింది. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది తొడుక్కోవడం. వేళ్ళు వంగని మనిషి కోసం చేసిన వస్తువుని తొడగాలంటే వేళ్ళు బాగా వంగాలి, ఇది తయారు చేసినవాళ్ళు ఒక్కసారి అయినా ఇలాంటి చేతులున్న మనిషి ముందు కూర్చుని చూశారా అనిపించింది. మా అమ్మాయే తొడిగేది నాకు, రాత్రి పడుకునే ముందు.

తొడిగాక మాత్రం బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. చేతులు వెచ్చగా ఉంటాయి, ఎవరో మెత్తగా పట్టుకున్నట్టు ఉంటుంది, అర్ధరాత్రి పక్కకి తిరిగినప్పుడు మణికట్టులో వచ్చే ఆ పోటు తగ్గింది. గ్లవ్స్ లేనప్పుడు పొద్దున బిగుతు వదలడానికి గంటన్నర పట్టేది, ఇప్పుడు ముప్పావు గంట, ఒక్కోరోజు గంట. ఈ జబ్బులో వాపుని రేపే ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం తెల్లవారుజామునే రక్తంలో బాగా పెరుగుతుంది, అందుకే మనకి పొద్దున పూటే అంత కష్టం, ఆ వేళకి చేతులు వెచ్చగా ఉండటం ఎంతో కొంత సాయమే. దువ్వెన పట్టుకోవడం, సీసా మూత తిప్పడం, తాళం చెవి తిప్పడం, ఈ మూడూ నా కొలమానాలు. మొదటి రెండూ మెరుగుపడ్డాయి, తాళం చెవి ఇంకా కష్టమే.

ఇంక అలసట. తెలుగులో నీరసం అంటాం, ఆ మాట వినగానే ఎదుటివాళ్ళు "కాస్త పడుకో, తగ్గిపోతుంది" అంటారు, వాళ్ళ తప్పు కూడా కాదు, వాళ్ళకి తెలిసిన నీరసం పడుకుంటే పోయేదే. ఇది పోదు. ఎనిమిది గంటలు పడుకుని లేచినా ఒళ్ళు ఇసుక బస్తాలా ఉంటుంది, స్నానం చేసి తల తుడుచుకునేసరికి మళ్ళీ మంచం మీద కూర్చోవాలి, మాట్లాడుతుంటే చిన్న చిన్న పదాలు గుర్తురావు, మెట్లెక్కి పైన ఎందుకొచ్చానో మర్చిపోయి కిందకి దిగడం కూడా జరుగుతుంది. పోయిన నెల మా అమ్మాయి స్కూల్లో ప్రోగ్రాం, రెండు గంటలు కుర్చీలో కూర్చున్నానంతే, ఆ తర్వాత రెండు రోజులు లేవలేకపోయా. చేతులు నొప్పి లేవు ఆ రెండు రోజులూ, గ్లవ్స్ కూడా తొడుక్కునే ఉన్నా. ఓపిక అనే మాటకి మన భాషలో ఒంట్లో బలం అనీ సహనం అనీ రెండు అర్థాలు ఉన్నాయి కదా, ఈ జబ్బులో ఆ రెండూ ఒకేసారి అయిపోతాయి, ఇంట్లో పిల్లల మీద కసురుకున్న ప్రతిసారీ అది నా గుణం కాదు అని చెప్పుకోవాల్సి వస్తుంది.

లూపస్, షోగ్రెన్స్, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, సోరియాటిక్ ఆర్థరైటిస్, ఇలా రోగనిరోధక వ్యవస్థ దారి తప్పే జబ్బులు ఉన్నవాళ్ళందరికీ ఈ అలసట తెలుసు. దీనికి ఒకటే కారణం ఉండదు. వాపు పదార్థాలు మెదడు మీద కూడా పనిచేస్తాయి, ఫ్లూ జ్వరం వచ్చినప్పుడు ఒళ్ళంతా ఎలా కూలబడుతుందో దాదాపు అదే దారి. రాత్రి నొప్పి నిద్రని ముక్కలు చేస్తుంది. ఏళ్ళ తరబడి వాపు ఉంటే హిమోగ్లోబిన్ తగ్గుతుంది. నొప్పి భయంతో కదలడం మానేస్తే కండ కరిగిపోతుంది, కండ తగ్గాక చిన్న పనికి కూడా ఎక్కువ ఓపిక ఖర్చవుతుంది. మనసు కుంగటం, థైరాయిడ్, వేసుకునే మందులు, పక్కనే ఒళ్ళంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియా కూడా ఉండటం, ఇలా చాలా ఉన్నాయి. అందుకే కీలు వాపు తగ్గినా అలసట చాలామందిలో ఉండిపోతుంది, వాపు పదార్థాలని అడ్డుకునే ఖరీదైన బయలాజిక్ ఇంజెక్షన్లతో కూడా అలసటలో సగటున తేడా ఓ మోస్తరుగానే కనపడింది. ఇన్ని దారుల్లో వచ్చేదాన్ని చేతికి తొడిగే గుడ్డ ఆపుతుందని డబ్బా మీద ఎలా రాశారో నాకు అర్థం కాలేదు, నాలాంటి వాళ్ళు ఆ ఒక్క మాట చూసే కొంటారు. నేనూ అది చూసే కొన్నా.

కొన్నాక అసలు ఈ గ్లవ్స్ మీద పరీక్షలేమైనా చేశారా అని వెతికా. బ్రిటన్‌లో చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి, చేతి నొప్పి ఉన్న 206 మందిని రెండు గుంపులు చేసి ఒకరికి బిగుతుగా పట్టే కంప్రెషన్ గ్లవ్స్, ఇంకొకరికి వదులుగా ఉండే గ్లవ్స్ ఇచ్చి 12 వారాలు చూశారు. రెండు గుంపుల్లోనూ నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది. అంటే బిగుతు వల్ల అదనంగా ఒరిగిందేమీ కనపడలేదు, బహుశా మనకి హాయిగా ఉండేది ఆ వెచ్చదనమే. ఇది చదివాక నాకు మోసపోయినట్టు అనిపించలేదు, పొద్దున నా చేతులు బాగుండటం నిజమే కదా, ఆ బాగుండటానికి కారణం మాత్రం డబ్బా మీద రాసింది కాదన్నమాట.

అలసటకి ఏం పనిచేసింది అని అడుగుతారు కాబట్టి అది కూడా రాస్తా. లిఫ్ట్ (LIFT) అనే పేరుతో ఇంకో పెద్ద పరీక్ష ఉంది, అది కూడా బ్రిటన్‌లోనే, 2022లో వచ్చింది, ఇలాంటి జబ్బులున్న 360 మందికి పైగా ఉన్నారు. వాళ్ళలో కొందరికి వాళ్ళ ఒంటికి తగ్గ వ్యాయామం, కొందరికి ఆలోచనలనీ అలవాట్లనీ సర్దుకునే థెరపీ, రెండూ ఫోన్ మీదే నేర్పించారు, మిగతావాళ్ళకి మామూలు వైద్యం. ఏడాది దాటాక కూడా ఆ రెండు గుంపులకీ మామూలు వైద్యం వాళ్ళకన్నా అలసట తక్కువ ఉంది. అది చదివి రుమటాలజిస్ట్ (కీళ్ళ జబ్బుల డాక్టర్) మేడం దగ్గరికి వెళ్ళి మొదటిసారి నొప్పి గురించి కాకుండా అలసట గురించే మాట్లాడా. అంతకుముందు నేను నీరసం అంటే "రిపోర్టులు బాగున్నాయి కదమ్మా" అన్నవాళ్ళు ఉన్నారు, ఈ మేడం అలా అనలేదు, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూశారు, నిద్ర గురించి అడిగారు, సున్నా నుంచి పదికి మీ అలసట ఎంత అని అడిగి ఫైల్లో రాసుకున్నారు. ఆ అంకె రాసుకున్నందుకే నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఎనిమిది అన్నా ఆ రోజు.

ఫిజియో అమ్మాయి మొదట చెప్పింది, "మేడం, బాగున్న రోజు పనులన్నీ చేసేయకండి" అని. నేను సరిగ్గా అదే చేసేదాన్ని, ఒక మంచి రోజు దొరికితే వారం పనులు ఆ రోజే లాగేసి తర్వాత మూడు రోజులు పడిపోవడం. ఇప్పుడు ఇరవై నిమిషాలు పని, పది నిమిషాలు కూర్చోవడం, అలిసిపోకముందే కూర్చోవాలి, అది అలవాటు చేసుకోవడానికి నాకు నెలకి పైనే పట్టింది. నడక ఆరు నిమిషాలతో మొదలుపెట్టి వారానికి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ వచ్చా, మధ్యలో జబ్బు తిరగబెట్టినప్పుడు వెనక్కి తగ్గా, మళ్ళీ ఎత్తుకున్నా. చేతులకి రోజూ సాగదీసేవీ, బలం పెంచేవీ వ్యాయామాలు ఇచ్చింది, వీటి మీద కూడా 490 మందితో పరీక్ష జరిగి 2015లో ఫలితాలు వచ్చాయి, నొప్పిలో పెద్ద తేడా లేకపోయినా చేతులతో పని చేసుకోగలగడం ఏడాది తర్వాత కూడా మెరుగ్గానే ఉంది. పోయిన వారం చూపించుకున్నప్పుడు నా అంకె ఐదు. ఐదు అంటే చిన్నదేం కాదు, కానీ ఎనిమిదిలో బతికిన మనిషికి ఐదు అంటే ఏంటో ఎనిమిదిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

కొనేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు. రాత్రి వేళ్ళకి తిమ్మిర్లు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా తొడగొద్దు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ మన జబ్బులో తరచుగా వస్తుంది, బిగుతు గ్లవ్ దాన్ని ఇంకా నొక్కుతుంది. చలికి వేళ్ళు తెల్లబడి నీలంగా మారే రేనోడ్స్ ఉన్నవాళ్ళకి వెచ్చదనం కావాలి గానీ బిగుతు వద్దు. ఉంగరాలు తీసేయండి. గ్లవ్ తీశాక వేలి కొస రంగు మారినా, చర్మం మీద గాడి పడి గంటకి కూడా పోకపోయినా ఆ సైజు మీది కాదు. ఒక్క కీలు ఉన్నట్టుండి ఎర్రగా వేడిగా వాచి జ్వరం కూడా ఉంటే గ్లవ్స్ సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, అది కీలులో ఇన్ఫెక్షన్ కావచ్చు, మనం వాడే మందులతో ఆ ప్రమాదం మామూలు వాళ్ళకన్నా ఎక్కువ.

పట్టు సడలిన జత ఇంకా పారేయలేదు. వదులయ్యాక మా అమ్మాయి సాయం లేకుండా నేనే తొడుక్కోగలుగుతున్నా, పొద్దున వేళ్ళు మాత్రం అప్పటిలాగే ఉన్నాయి, ఏం తేడా రాలేదు. రెండో జత కోసం నిన్న వెతికినప్పుడు కంప్రెషన్ అనే మాటే కొట్టలేదు, కుట్లు బయటికి ఉన్న మెత్తని ఉన్ని గ్లవ్స్, నా కొలత కన్నా ఒక సైజు పెద్దవి చూసి ఆర్డర్ పెట్టేశా.