స్టాఫ్ ఇంజినీరా, మేనేజరా: పదేళ్లు దాటాక ఏది మేలు?

కోడ్‌లోనే ఉండి స్టాఫ్ ఇంజినీర్ (టీమ్‌ను నడపకుండా టెక్నికల్ దారిలోనే పైకెళ్లే సీనియర్) కావాలా, టీమ్ తీసుకుని మేనేజర్ కావాలా? సాఫ్ట్‌వేర్‌లో పదేళ్లు దాటిన వాళ్లు పదేపదే అడిగేది ఇదే. జీతం చూసి తేల్చుకునే విషయం కాదిది. హైదరాబాద్‌లోని పెద్ద ప్రొడక్ట్ కంపెనీల్లో ప్రమోషన్లకు రెండు నిచ్చెనలూ ఉంటాయి, ఒకే లెవెల్‌లో ఉన్న ఇద్దరికీ జీతాలు దాదాపు సమానమే. సర్వీస్ కంపెనీలది వేరే లెక్క. టెక్నికల్ నిచ్చెన కాగితం మీద ఉన్నా, పై మెట్ల మీద మీ యూనిట్ వాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి. ఒక్కరూ లేకపోతే ఆ దారి లేనట్టే.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే: తెలిసిన జవాబును నోట్లోనే ఆపుకోగలరా?

స్టేజింగ్‌లో, అంటే విడుదలకు ముందు పరీక్షించే చోట, రిపోర్ట్ పేజీ తెరుచుకోవడానికి 20 సెకన్లు పడుతోంది. ఇండెక్స్ లేక డేటాబేస్ మొత్తం వెతుకుతున్న క్వెరీ అని మీకు చూడగానే తెలిసిపోయింది. రెండేళ్ల అనుభవమున్న కుర్రాడు ఇంకా సర్వర్ మెమరీ దగ్గరే వెతుకుతున్నాడు. స్టాఫ్ ఇంజినీరైతే చెప్పేసి ముందుకెళ్లొచ్చు. మేనేజరైతే ‘క్వెరీ ప్లాన్ (డేటాబేస్ ఆ క్వెరీని ఎలా నడుపుతోందో చూపేది) చూశావా?’ అని ఒక్క మాట అడిగి ఊరుకోవాలి. కస్టమర్లు వాడే అసలు సిస్టమ్ (ప్రొడక్షన్) మంటల్లో ఉంటే తప్ప ఇదే పద్ధతి. గూగుల్ 2008లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఆక్సిజన్‌లో మంచి మేనేజర్ లక్షణాలు ఎనిమిది తేలితే, కోచింగ్ మొదట, సాంకేతిక నైపుణ్యం చివర నిలిచాయి. చివరన ఉన్నా జాబితాలో ఉంది కదా. అది లేకపోతే టీమ్ ఇచ్చే అంచనాలు నిజమో కాదో పట్టుకోలేరు.

ఇక టైమ్. ఎనిమిది మందికి వారానికి అరగంట చొప్పున విడివిడిగా కూర్చుని మాట్లాడే వన్ టు వన్ అంటేనే నాలుగు గంటలు. ఇంటర్వ్యూలు, ప్లానింగ్, పక్క టీమ్‌లతో పంచాయితీలు కలిపాక మిగిలేవి ముక్కలే. ఆ ముక్కల్లో కీలకమైన మాడ్యూల్ రాయబోతే మీ పుల్ రిక్వెస్ట్ (రివ్యూకు పెట్టిన కోడ్ మార్పు) మీటింగుల మధ్య ఇరుక్కుంటుంది, దాని కోసం ముగ్గురు కూర్చుంటారు. పైగా రేటింగ్ ఇచ్చే మనిషి కోడ్‌లో తప్పులు పట్టే ధైర్యం ఎవరికుంటుంది? చేతి దురద తీరాలంటే టెస్టులు, లోపలి టూల్స్ చాలు.

టీమ్ తీసుకున్నారా, మీకొక్కరికే తెలిసిన మాడ్యూళ్లన్నీ రాసి ఒక్కోదానికి ఒకరి పేరు పెట్టండి. మొదటి నెల వాళ్లు మారుస్తారు, మీరు రివ్యూ చేస్తారు. రెండో నెల రివ్యూ కూడా మరొకరికి. మూడో నెల ఆన్‌కాల్ జాబితాలోంచి, అంటే సిస్టమ్ పాడైతే పిలిచే వాళ్ల జాబితాలోంచి, మీ పేరు తీసేయండి. ఎక్కువమంది ఆగిపోయేది రెండో నెలలోనే: కోడ్ ఇచ్చేసి అప్రూవల్ మాత్రం అట్టిపెట్టుకుంటారు. అలాంటప్పుడు టీమ్ దృష్టిలో ఓనర్ ఇంకా మీరే.

స్టాఫ్ అంటే మూల కూర్చుని కోడ్ రాసుకోవడం అనుకుంటే పొరపాటు. డిజైన్ డాక్యుమెంట్ పట్టుకుని, మీ కింద పనిచేయని నాలుగు టీమ్‌లను ఒప్పించడమే సగం పని. కాకపోతే అప్రైజల్ రోజున ‘ఈసారి నీకు అనుకున్న రేటింగ్ రాలేదు’ అని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే బాధ ఉండదు.

టీమ్ టెక్నికల్ పనిని ముందుండి నడిపే టెక్ లీడ్ పాత్ర ఆరు నెలలు రుచి చూడ్డానికి బాగుంటుంది, రేటింగులు మీ చేతికి రానంతవరకు. ఆర్కిటెక్ట్ చాలాచోట్ల స్టాఫ్‌కే ఇంకో పేరు.

ఎటూ తేలకపోతే నేను స్టాఫ్ వైపే మొగ్గుతాను. అక్కడి నుంచి రెండేళ్లకైనా మేనేజర్‌గా రావచ్చు. మేనేజర్‌గా ఉండి కంపెనీ మారి స్టాఫ్‌గా చేరాలంటే మాత్రం, మూడేళ్లుగా ముట్టని కోడింగ్ రౌండ్‌కు మళ్లీ కూర్చోవాలి.